దండెం మీద ఎర్ర కొసలు

పురుషోత్తం మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, లేచి చెప్పులేసుకుంటారు. కాలేజీలో గణాంకశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. మా మేనకోడలు హరిణి ఆయన శిష్యురాలు. ఆ రోజు దానికి తోడుగా నేనూ వెళ్లాను గనక ఇదంతా చూసే భాగ్యం దక్కింది.

"మాస్టారూ, రెండు గుంపుల్ని పోల్చడానికి పుస్తకంలో ఇన్ని పరీక్షలున్నాయే, ఏది పెట్టాలో ఎలా తెలుస్తుంది?" అని అడిగింది.

పాపం, దాని అవస్థ అది. ముసలి నేతగాళ్ల మోకాళ్లు అరిగిపోతున్నాయని, మగ్గం కింద తొక్కే పలకల్ని తేలిగ్గా కదిలేలా మార్పించింది. మా చేనేత సంఘంలో అందరూ ఒక వారం పాత పలకల మీద, ఒక వారం కొత్తవాటి మీద నేశారు. కొత్తవాటితో మనిషికి సగటున జానెడు బట్ట పెరిగింది. కానీ ఆ మాత్రం తేడా ఊరికే కూడా రావచ్చని దాని పరీక్ష తేల్చింది. ఇంకేముంది, ఆ సాయంత్రమే కొత్త పలకలు పీకేయాలని సంఘం తీర్మానం.

ఇక్కడో సంగతి చెప్పాలి. మా వాళ్లలో ఎవరు ఎంత నేశారో పైకి అనరు. తాత నేసిందీ మనవడు నేసిందీ ఒకే గుట్టలో పడాల్సిందే, తక్కువ నేసినవాడు తల దించుకోకూడదని. హరిణీ ఆ మర్యాదే పాటించి, పాతదొక గుట్ట, కొత్తదొక గుట్ట పోసి, ఎవరో వేరువేరు మనుషులు నేసినట్టుగా రెంటినీ పోల్చింది.

మాస్టారితో మేం మగ్గాల షెడ్డుకి వెళ్లేసరికి సంఘం పెద్ద మార్కండేయులు పలకలు విప్పే పానా పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. "ఆ జానెడు ఎవరో ఇద్దరు కుర్రాళ్లు హుషారుగా తొక్కిన పుణ్యం మాస్టారూ. దానికోసం ఈ కొత్త పలకలే ఉంచమంటారా?"

"ఇప్పుడే ఏదీ తేల్చొద్దు. పాతదీ కొత్తదీ, ఎవరి రెండు ముక్కలు వాళ్లు తీసుకోండి. ఒక కొస కలిపి, రెండూ జోడుగా మడిచి, మిగిలింది మాత్రం బయటికి వదిలి దండెం మీద వేయండి. ఎవరి పొడుగూ ఎవరూ చూడరు," అన్నారు మాస్టారు.

నేసినవాడికి తన అంచు తెలియదా, గుట్టలు చకచకా విడిపోయాయి. కొత్త పలకల బట్టకి గుర్తుగా చివర ఎర్ర పోగులు ముందే నేసి ఉన్నాయి. పెద్దాయన కోటిలింగం జతలో ఎర్ర కొస బయటికొచ్చింది, అంటే కొత్తదే పొడుగు. ఆయన మనవడి జతలోనూ ఎర్రదే. ఆ పక్కదీ, ఆ పై పక్కదీ. వీరభద్రం ఒక్కడిదే తెల్ల కొస.

"ఆ వారం నాకు జ్వరమండీ," అన్నాడు వీరభద్రం.

"జ్వరమా, బావమరిది పెళ్లా?" అన్నారు వెనక నుంచి ఎవరో. షెడ్డంతా నవ్వులు.

హరిణి దండెం కిందే చతికిలబడి కొసలు మాత్రం కొలిచింది. ఎవరిని వాళ్లతోనే పోల్చే జతల పరీక్ష పెట్టింది. తాతకీ మనవడికీ మధ్య ఉన్న తేడా అడ్డు తప్పేసరికి, ఈసారి ఊరికే వచ్చిన తేడా అనడానికి సందే లేకపోయింది. మార్కండేయులు దండెం ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి, పానా హరిణి చేతిలో పెట్టాడు.

"మా ఇంట్లో రెండో మగ్గానికి కూడా బిగించమ్మా."

నా సంతోషం ఇంతా అంతా కాదు. హరిణి మాత్రం మాస్టారి దగ్గరికే పోయి, "ఇంతకీ నా ప్రశ్నకి జవాబు?" అంది.

ఆయన గాలికి ఊగుతున్న కొసల వంక చూశారు. "అంకెలు ఎలా పుట్టాయో చూడు, ఏ పరీక్ష పెట్టాలో అదే చెబుతుంది. బట్ట పుట్టేది ఒక మనిషి దగ్గరమ్మా, గుట్టలో కాదు."