ముళ్ళపంది అడ్డుకున్న బండి

అనగనగా నల్లరేవు అడవిలో కంటకమ్మ అనే ముళ్ళపంది ఉండేది. ఆ అడవి పిల్లల బడి కొండ అవతల ఉంది. రోజూ అంత దూరం నడిచి పిల్లల కాళ్ళు వాచిపోయేవి. కంటకమ్మ కూతురు సూదికీ అదే అవస్థ.

చంగయ్య అనే కోతి ఒక బండి తయారు చేశాడు. లాగేవాళ్ళు అక్కర్లేదు, తోలేవాళ్ళు అక్కర్లేదు. లోపలున్న కంప్యూటరే దారి చూసుకుని నడుపుతుంది.

"రేపే పిల్లల్ని ఎక్కిద్దాం!" అన్నాడు అడవి పెద్ద ఎలుగుబంటి. అందరూ చప్పట్లు కొట్టారు.

"చంగయ్యా, దారికి అడ్డంగా ఏదైనా ఉంటే?" అని అడిగింది కంటకమ్మ.

"ఆగుతుంది అత్తా."

"వానలో?"

"ఆగుతుంది."

"ఆగడం నువ్వు చూశావా?"

కోతి తల గోక్కున్నాడు. "నీకెప్పుడూ అనుమానాలే!" అని ఎలుగుబంటి విసుక్కున్నాడు.

మర్నాడు పొద్దున్నే కంటకమ్మ బండి ముందు అడ్డంగా పడుకుంది. ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి.

"లే! లేకపోతే అడవిలోంచి వెళ్ళగొడతాను!" అని ఎలుగుబంటి గద్దించాడు.

"వెళ్ళగొట్టండి. బయట నిలబడి కూడా ఇదే అరుస్తాను. ముందు గుమ్మడికాయలు ఎక్కించి నడపండి. పిల్లల సంగతి తర్వాత!"

ఆ ముళ్ళ దగ్గరికి ఎవరు పోతారు? ఎలుగుబంటి ఒప్పుకోక తప్పలేదు.

మొదట తిన్నని దారిలో దుంగ పడేశారు. బండి ఆగింది. తర్వాత మలుపులో పడేశారు. అక్కడా ఆగింది.

"ఇక చాలా?" అన్నారు అందరూ.

"చాలదు. వాన రానివ్వండి," అంది కంటకమ్మ.

తిట్టుకుంటూనే ఆగారు. నాలుగో రోజు వాన పడింది. మళ్ళీ దారిలో దుంగ పడేసి బండిని నడిపారు. బండికి దారి చూపే కంటి అద్దం మీద నీళ్ళు కారాయి. దానికి దుంగ కనిపించలేదు. గుద్దుకుని, ఎగిరి లోయలో పడింది. గుమ్మడికాయలు ముక్కలు ముక్కలయ్యాయి.

చంగయ్య ఏడ్చేశాడు.

"బండే వద్దని నేను అనలేదురా," అంది కంటకమ్మ. "మంచిది చెయ్యి. కన్ను మసకబారితే తనంతట తనే ఆగిపోవాలి. పిల్లలు లాగినా ఆగేలా ఒక పిడి పెట్టు. మళ్ళీ వానలోనే నడిపి చూపించు."

కోతి ఆర్నెల్లు కష్టపడ్డాడు. ఎన్ని గుమ్మడికాయలు పగిలాయో! చివరికి పిల్లలు బండెక్కారు.

ఒకరోజు సాయంత్రం కుండపోత. బండి టక్కున ఆగింది. "నాకు దారి కనిపించడం లేదు. దిగి నడవండి," అంది కంప్యూటర్. పిల్లలు తడిసి ముద్దయి ఇళ్ళకు చేరారు.

"అంత కష్టపడి చేస్తే నడిదారిలో ఆగిపోయిందా?" అని ఎలుగుబంటి గొణిగాడు.

కంటకమ్మ సూది తల తుడుస్తూ అంది: "నేను దాన్ని నమ్మింది ఇవాళే."

నీతి: తనంతట తాను నడిచే యంత్రాన్ని మాటలు విని కాదు, పరీక్షించి చూసి నమ్మాలి. ఎవరు కసిరినా సరే, అడగాల్సింది అడిగి తీరాలి.