దడి దాటిన పడుగు

నేత నేర్పే సాంబలింగం అయ్యవారికి ప్రశ్న వేస్తే జవాబు చెప్పే అలవాటు లేదు. ఏదో ఒక పని పురమాయించేవారు. అది తెలిసి కూడా కొండప్ప ఆ ఉదయం నిలదీశాడు. "అయ్యవారూ, నా మగ్గం తగలబెట్టిన వీధిలోళ్ల పక్కన ఎట్లా బతకమంటారు?"

రెండు వీధుల మధ్య అల్లర్లు సద్దుమణిగాక, పెద్దలు ఆ వీధులు కలిసే చోట అడ్డంగా వెదురు దడి కట్టించారు. శాంతి కోసమట! దడి ఇంకాస్త ఎత్తుగా ఉంటే బాగుండునని కొండప్పకు రోజూ అనిపించేది.

అయ్యవారు లేచి, మగ్గానికి నిలువునా ఎక్కించే పోగుల పడుగుకు గంజి పట్టించమన్నారు. కొండప్ప కొత్త మగ్గం కోసం శిష్యులందరూ తలా కొంత నూలు వేసి సిద్ధం చేసిన పడుగు అది. చెడిపోతే మళ్లీ నూలు పుట్టదు. గంజి ఆరకముందే దాన్ని వీధి పొడవునా సాగదీసి కుంచెతో దువ్వాలి, లేకపోతే పోగులన్నీ అట్టకట్టిపోతాయి. సగం సాగిందో లేదో, దడి అడ్డొచ్చింది. అయ్యవారు వెదుళ్లు పీకి పక్కన పడేశారు. మిగతా చుట్టను ఆ సందులోంచి అవతలికి దొర్లించారు. అక్కడ కొస పట్టేవాడు లేడు. ఎండ ముదురుతోంది.

అవతల, కాలిపోయిన తన ఇంటి ముందు నిలబడి ఆ వీధి నేతగాడు మస్తాను చూస్తున్నాడు. అతన్ని చూడగానే కొండప్పకు ఒళ్లు మండింది. అయినా తప్పలేదు, అరిచాడు. "చూస్తావేం? ఆరిపోతాంది, పట్టుకో!"

"నా ఇల్లు కాలేటప్పుడు నువ్వూ చూస్తానే నిలబడ్డావు గదా," అన్నాడు మస్తాను. అంటూనే వచ్చి కొస బిగించి పట్టాడు. కొండప్ప తల వంచుకుని కుంచె అందుకున్నాడు.

ఇంతలో పెద్దలు పరుగెత్తుకొచ్చారు. "ఎవరినడిగి దడి పీకినారు? వదిలెయ్యండి!"

"పడుగు నాది. వదిలేది లేదు," అన్నాడు కొండప్ప, కుంచె ఆపకుండా. అవతలి కొస కూడా సడలలేదు.

సాయంత్రం పెద్దలు మళ్లీ వెదుళ్లు పాతిస్తుంటే, కొండప్ప అయ్యవారి దగ్గరికొచ్చి కూర్చున్నాడు. "అయితే వాళ్లను క్షమించమంటారా?"

"క్షమించమని నేనన్నానా?" అన్నారు అయ్యవారు. "రేపు మస్తాను వాళ్లు తమ పడుగు సాగదీస్తారు. వాళ్ల వైపు కూడా వీధి చాలదు."