మబ్బు కాళ్ళు కడుక్కున్న నీళ్ళు

ఒకప్పుడు ఒక్క చెంబెడు నీళ్ళ దగ్గర పేచీ వచ్చి, ఎడారికి ఆ ఏటి వాన మొత్తం తప్పిపోబోయింది.

తప్పెవరిదంటే, మర్యాదది.

ఆ రోజుల్లో మబ్బులు ఇప్పట్లా అంత ఎత్తున వేలాడేవి కావు. ఏ ఊరికి వెళ్ళినా చుట్టాల్లా గుమ్మందాకా నడిచి వచ్చేవి. ఇంటివాళ్ళు చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చేవాళ్ళు. మబ్బు కాళ్ళు కడుక్కుని, "ఏం, అంతా కులాసాయేనా?" అని పలకరించి, లోపలికి వచ్చి కురిసేది.

మబ్బులన్నిట్లోకీ పెద్దది కాదంబిని. నల్లగా, నిండుగా ఉండేది. సముద్రం దగ్గర కూర్చుని కడుపారా తాగి బయలుదేరిందంటే, దారిలో చెట్లన్నీ పక్కకి తప్పుకునేవి. మర్యాద విషయంలో ఆమెకు మహా పట్టింపు. ఒకసారి ఒక కొండ చెంబుకి బదులు గిన్నెతో నీళ్ళిచ్చిందని అలిగి, పక్క కొండ మీద కురిసేసి వెళ్ళిపోయింది.

ఎడారికి మాత్రం ఆమె ఎప్పుడూ వెళ్ళలేదు. అక్కడివాళ్ళకి ఒక ఊట ఉండేది. దానితోనే ఎలాగో గడుపుకునేవాళ్ళు. ఆ ఏడు ఊట ఎండిపోయింది. దాంతో ఎడారి ఇల్లాలు ఇసకమ్మ, ఈదురుగాలిని పిలిచి, "వెళ్ళి కాదంబిని వదినని తీసుకురా" అని పంపింది.

పెద్ద చుట్టం వస్తోంది కదా! ఇసకమ్మ ఉన్న పొయ్యిలన్నీ ఒకేసారి రాజేసింది. వండటానికి ఏమీ లేదు. అయినా రాజేసింది. నేలంతా పెనంలా కాలింది. తొండ నాలుగు కాళ్ళూ ఒకేసారి కింద పెట్టలేక, రెండు పెట్టి రెండు ఎత్తి నాట్యం చేసింది. ఒంటె నీడకోసం తన నీడలోనే దూరబోయి బోర్లా పడింది.

కాదంబిని వచ్చింది. గుమ్మంలో ఆగింది. గొంతు సవరించుకుంది. ఆకాశం దద్దరిల్లింది.

"రా వదినా, రా! లోపలికి రా!" అంది ఇసకమ్మ.

"వస్తానులే" అంది కాదంబిని. కదల్లేదు. తన కాళ్ళవంక చూసుకుంది. ఇసకమ్మ వంక చూసింది. మళ్ళీ కాళ్ళవంక చూసుకుంది.

"కాళ్ళు నొప్పులా వదినా?"

"నొప్పులేం లేవు. దుమ్ము."

"అయ్యో, దుమ్మేగా! మా ఇంట్లో ఉన్నదంతా అదే!" అని ఇసకమ్మ మురిసిపోయింది.

కాదంబిని ముఖం ఇంకాస్త నల్లబడింది. "ఇదిగో ఇసకమ్మా, కాళ్ళకి నీళ్ళిస్తావా? వెనక్కి తిరగమంటావా?"

"నీళ్ళే ఉంటే నిన్నెందుకు పిలుస్తాను వదినా?"

"ఓహో! అయితే నీళ్ళకోసం పిలిచావన్నమాట. నా మీద ప్రేమతో కాదన్నమాట!"

ఇసకమ్మ నాలుక కరుచుకుంది. అప్పుడు ఇసకలోంచి సన్నగా ఒక గొంతు వినిపించింది.

"వచ్చిందా?"

అది బోదురుకప్ప. ఊట ఎండినప్పటినుంచీ తడి వెతుక్కుంటూ లోతుకి పోయి దాక్కుంది.

"వచ్చిందే! ఇంకా కాళ్ళు కడుక్కోలేదు" అంది తొండ.

"త్వరగా కడుక్కోమనండి. ఇంకాసేపుంటే నేను అప్పడం అయిపోతాను."

ఇసకమ్మ కంగారుగా ఒంటె దగ్గరికి పరిగెత్తింది. "నీ మూపురంలో నీళ్ళున్నాయటగా, ఒక్క చెంబెడు ఇవ్వు."

"ఎవరు చెప్పారు? అందులో ఉన్నది కొవ్వు. చుట్టం కాళ్ళకి కొవ్వు పూస్తావా?" అంది ఒంటె.

తొండ ముందుకొచ్చింది. "ఉండత్తా, నేను ఏడుస్తాను. చెంబు పట్టు." కష్టాలన్నీ తలుచుకుని ఏడ్చింది. కన్నీటిబొట్టు బుగ్గ దాటకుండానే ఆరిపోయింది.

ఈదురుగాలికి ఒక ఉపాయం తోచింది. చెంబునిండా మెత్తటి ఇసక పోసి, నీళ్ళలాగే వంచుతూ కాదంబిని కాళ్ళమీద కుమ్మరించింది.

"ఎలా ఉంది పెద్దమ్మా? చల్లగా ఉందా?"

కాదంబిని గర్జించింది. వెనక్కి తిరిగింది. తిరిగినప్పుడు చూసుకుంది, పొయ్యిల వేడికి తన కొంగు అంచు ఆవిరైపోతోంది. ఇంకాసేపు గుమ్మంలో నిలబడితే, కురవడానికి మిగిలేది ఒక రుమాలంత మబ్బే.

"పెద్దమ్మా" అంది కింద నుంచి కప్ప. "నీ దగ్గర చెరువెడు నీళ్ళున్నాయిగా. నువ్వే కడుక్కోరాదూ?"

"నా నీళ్ళతో నా కాళ్ళు నేను కడుక్కోవాలా? చుట్టంగా వచ్చినదాన్ని! లోకం ఏమంటుంది?"

కప్ప ఏమీ అనలేదు.

"ఏం, మాట్లాడవేం?"

కాదంబిని కిందికి వంగి చూసింది.

"ఓయ్ కప్పా!"

ఇసక ఉలకలేదు, పలకలేదు. తొండ నాట్యం ఆపేసింది. ఇసకమ్మ చెంబు కింద పెట్టేసింది. వాళ్ళెవరూ కాదంబిని వైపు చూడలేదు. అది ఆమెకి అన్నిటికంటే బాధగా అనిపించింది.

"సరే! గాలీ, ముందు ఈ గుమ్మం ఊడువు!" అని అరిచి, అంతెత్తుకి ఎగిరింది. ఈదురుగాలి ఎంత ఊపుగా ఊడ్చిందంటే, ఒంటె ఆవలివైపుకి దొర్లింది. కాదంబిని పైనే కూర్చుని, కాళ్ళు కిందికి వేలాడేసి, సొంత నీళ్ళు పోసుకుంది. ఆ నీళ్ళు ధారలు ధారలుగా దిగి, సగం దారిలోనే చుయ్‌మని ఆరిపోయాయి. ఒక్క చుక్క కూడా నేలని తాకలేదు.

మళ్ళీ పోసుకుంది. అవీ ఆరిపోయాయి. కానీ గాలి కాస్త చల్లబడింది. కాళ్ళు శుభ్రంగా ఉన్నాయి.

అప్పుడు కురిసింది. పొయ్యిలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. ఇసకమ్మ చెంబు మునిగిపోయింది, తొండ ఒంటె వీపెక్కింది. ఇసక పగిలి, కప్ప తల బయటపెట్టి ఆవులించింది.

"వచ్చిందా? కాస్త కునుకు పట్టేసింది."

"కునుకా!" అంది కాదంబిని. తిట్టడానికి నోరు తెరిచింది. కప్ప అప్పటికే గుంటలోకి దూకి బెకబెకమంటోంది. ఎవరు వింటారు? నోరు మూసుకుని ఇంకాస్త కురిసింది.

తిరిగి వెళ్తూ ఆమె గట్టిగా అనుకుంది: ఇక ఎడారిలో ఎవరినీ నీళ్ళు అడగను. నా కాళ్ళు నేనే కడుక్కుంటాను, అదీ పైనుంచే.

అప్పటినుంచే ఎడారిలో వానకాలానికి ముందు ఎండలు మండిపోతాయి, ఇసకమ్మ చుట్టంకోసం పొయ్యిలు రాజేస్తుంది కనక. ఆ తరవాత దుమ్ముగాలి లేచి గుమ్మం ఊడుస్తుంది. ఆ తరవాత మబ్బు కింద నీటిధారలు వేలాడి, నేలని తాకకుండానే మాయమైపోతాయి. వాన మోసం చేసిందని అప్పుడు ఎవరూ ఏడవకూడదు. కాదంబిని కాళ్ళు కడుక్కుంటోందంతే. ఇన్నేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా చెంబు అడగలేదు.