బంటును మంత్రిని చేసిన నాంచారి

అనగనగా రెండు కొండల నడుమ ఒక అడవి. ఒకటి ఎర్రకొండ, ఇంకొకటి నల్లకొండ. రెండు కొండలకూ ఉన్నది ఒకటే నీటి ఊట. ఎండాకాలంలో ఆ ఊట సన్నబడిపోయేది. ముందు తాగినవాళ్లకు తేటనీళ్లు, తర్వాత వచ్చినవాళ్లకు బురదనీళ్లు.

"నీళ్ల కోసం కొట్టుకోవడం ఎందుకు? ఏడాదికోసారి చదరంగం ఆడదాం. గెలిచిన కొండవాళ్లు ముందు తాగుతారు. ఆట సమానమైతే కిందటేడు గెలిచినవాళ్లే మళ్లీ ముందు" అని పెద్దలు తీర్మానించారు. బండ మీద అరవైనాలుగు గళ్లు గీశారు. వడ్రంగిపిట్ట చెక్కపావులు చెక్కిపెట్టింది.

నల్లకొండ తరఫున గండయ్య అనే కొండముచ్చు ఆడేవాడు. ఏడేళ్లుగా గెలుపు అతనిదే. ఎనిమిదో ఏడు ఎర్రకొండ నుంచి ఆడడానికి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి నాంచారి అనే ముళ్లపంది వెళ్లి కూర్చుంది. పన్నెండు ఎత్తుల్లోనే గండయ్య ఆట కట్టించాడు.

"చదరంగం పుట్టుకతో రావాలి నాంచారీ. నీకెందుకు ఇది? వెళ్లి దుంపలు తవ్వుకో" అని నవ్వాడు.

ఆ ఎండల్లో బురదనీళ్లు తాగి ఎర్రకొండ పిల్లలు జబ్బుపడ్డాయి. నాంచారి కూతురు మూడు రోజులు కళ్లే తెరవలేదు. అది కోలుకుని లేచిన రోజునే నాంచారి పోలయ్య తాత దగ్గరికి నడిచింది. పోలయ్య ముసలి ఉడుము. వయసులో ఉన్నప్పుడు గొప్ప ఆటగాడు.

"తాతా, నేర్చుకుంటే నేను గండయ్యను గెలవగలనా?"

"అది చెప్పలేనమ్మా. ఇవాళ్టికంటే రేపు బాగా ఆడతావు, అది మాత్రం చెప్పగలను. రోజూ రావాలి. రోజూ నా చేతిలో ఓడాలి. ఓర్చుకోగలవా?"

నాంచారి సరేనంది. కానీ పది రోజులు వరసగా ఓడేసరికి మనసు చివుక్కుమంది. పదకొండో రోజు కుందేళ్లు పిలిచాయి.

"మాతో ఆడు నాంచారక్కా. హాయిగా గెలుస్తావు!"

ఆడింది. మూడు ఆటలూ గెలిచింది. భలే సంతోషమేసింది. ఇంటికొచ్చి ఆలోచిస్తే, ఆ మూడు ఆటల్లో తను కొత్తగా తెలుసుకున్నది ఒక్కటీ లేదు. మర్నాడు పొద్దున్నే మళ్లీ తాత ముందు కూర్చుంది.

తాత మూడు పనులు చేయించాడు. ఓడిన ప్రతి ఆటనూ మొదటి నుంచి మళ్లీ ఆడించి, "ఎక్కడ తప్పావో నువ్వే చూపించు" అనేవాడు. పావు ముట్టుకునే ముందు, "దీనికి అవతలివాడు ఏం చేస్తాడు?" అని అడిగేవాడు. ఒక్కోరోజు పావులన్నీ తీసేసి రెండు రాజులను, ఒక బంటును మాత్రం ఉంచేవాడు. నాంచారి తొందరపడి బంటును తోసేది. తాత రాజు దానికి అడ్డం నిలబడేది. ఆట సమానమైపోయేది.

"బంటును తోసెయ్యకమ్మా. ముందు రాజును నడిపించు. దారి దొరికాక బంటు అదే వస్తుంది" అనేవాడు తాత.

వానలు పడేనాటికి నాంచారి ఇరవై ఎత్తులు నిలబడింది. చలికాలం మొదట్లో ఉన్నట్టుండి ఆట పాడైంది. "అంతా మరిచిపోయాను తాతా!" అని ఏడ్చింది. "మరిచిపోలేదు. నేర్చుకున్నది ఇంకా కుదురుకోలేదు. ఆపకు" అన్నాడు తాత. ఆపలేదు. ఇప్పపూలు రాలేనాటికి మొదటిసారి తాతనే ఓడించింది. తాత సంతోషం పట్టలేక తోకతో నేలను టపటపా కొట్టాడు!

పందెం రోజు వచ్చింది. రెండు కొండలూ బండ చుట్టూ చేరాయి. గండయ్య ఎప్పటిలాగే దూకుడుగా ఆడాడు. పన్నెండు ఎత్తులు దాటాయి. ముప్పై దాటాయి. గండయ్య నవ్వడం మానేశాడు. చివరికి అతనికి రాజు ఒక్కటే మిగిలింది. నాంచారికి రాజు, ఒక బంటు.

"ఇంకేముంది, సమానం అనుకుందామా?" అన్నాడు గండయ్య.

"ఇంకొంచెం ఆడదాం అన్నా" అంది నాంచారి.

బంటును ముట్టుకోలేదు. రాజును ముందుకు నడిపించింది. మళ్లీ ఒక గడి. గండయ్య రాజు పక్కకు తప్పుకోక తప్పలేదు. దారి తెరుచుకుంది. బంటు గడి తర్వాత గడి నడిచి చివరి వరస చేరి మంత్రి అయింది. ఇంకొన్ని ఎత్తుల తర్వాత నాంచారి మెల్లగా అంది: "ఆట కట్టు!"

ఎర్రకొండ ఒక్కసారిగా హోరెత్తింది. లేళ్లు గెంతాయి. నెమళ్లు కేకలు పెట్టాయి. ఏనుగు నాంచారిని ముళ్లతో సహా తొండంతో ఎత్తబోయి "అబ్బా!" అని వదిలేసింది.

గండయ్య తల వంచాడు. "పుట్టుకతో వచ్చింది చాలనుకున్నాను. ఎనిమిదేళ్లలో కొత్తగా ఒక్క ఎత్తూ నేర్చుకోలేదు" అన్నాడు.

"ఇప్పుడైనా నేర్చుకోవచ్చు. రా అన్నా, కలిసి ఆడదాం" అంది నాంచారి. తర్వాత ఊట వైపు తిరిగి గట్టిగా చెప్పింది: "ఈ ఏడాది పిల్లలు ముందు తాగుతారు. రెండు కొండల పిల్లలూ!"

చిన్నవన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ తేటనీళ్లలోకి పరుగెత్తాయి.

నీతి: మనకంటే గట్టివాళ్లతో ఆడి, ఓడిన ప్రతిసారీ ఎందుకు ఓడామో తెలుసుకుంటూ రోజూ సాధన చేస్తే, మనం ఊహించనంత ఎదుగుతాం.