గవరమ్మ డిబ్బీ

ఇళ్లలో దాచుకున్నదంతా సొంతదారులందరి ఎదుట తెరిచి చూపించాలనీ, అందులో ఐదో వంతు ఖజానాకి చేరాలనీ పూర్వం ఒక రాజుగారు చాటింపు వేయించారు. మగ్గం నేసే గవరమ్మ ఇంట్లో అధికారికి ఒక మట్టి డిబ్బీ దొరికింది. ఊపి చూస్తే గలగలమంది.

"పగలగొట్టు," అన్నాడు.

"ఇందులో మా ఆయనకీ సగం ఉంది బాబుగారూ. ఆయన లేకుండా ఎలా? ఐదేళ్లుగా సరిహద్దు కోటలో రాజుగారి కాపలాకే ఉన్నాడు."

డిబ్బీ చప్పుడుకి అధికారికి ఆశ పుట్టింది. గుర్రాన్ని పంపి ఆమె భర్త కోటప్పను రప్పించాడు. గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి గవరమ్మ ఎదురెళ్లింది. చాలాసేపు అతని చెయ్యి పట్టుకునే ఉండి, తర్వాత ఆ చేత్తోనే డిబ్బీ పగలగొట్టించింది. అరవై చింతగింజలు నేల మీద దొర్లాయి.

"ఇవేమిటి?" అన్నాడు అధికారి.

"ఆయన లేని నెలలండీ. అమావాస్యకొకటి వేశాను. నేను దాచుకున్నది ఇదే."

పన్నెండు గింజలు ఏరి అధికారి దోసిట్లో పోసింది.

"ఇది రాజుగారి వాటా. పన్నెండు నెలలు రాణిగారికి దూరంగా ఉండమనండి. అందాకా మా ఆయన ఇంట్లోనే ఉంటాడు."