కోటబావి పాట

కరువుకు కోటబావి ఎండిపోతే కిందివాడ మనుషులు దిగి పూడిక తీశారు. మట్టి విరిగిపడి ఇద్దరు అందులోనే పోయారు. చివరికి జల పడింది. జల పడగానే, అంటు కదా, వాడవాళ్ళను ఆ గట్టు ఎక్కనివ్వడం మానేశారు. వాళ్ళు మళ్ళీ వాగుకు పోయి చెలమలు తోడుకున్నారు.

రాజుగారి మనసు కరిగింది. రాజుల మనసు కరిగితే కారేది పాటే. వాడవాళ్ళ గొప్పతనం మీద ఆస్థాన గాయకుడు శేషాద్రి చేత ఒక పాట కట్టించి, రోజూ బావిగట్టున పాడమన్నారు. పూడిక తీసిన ముసలి సుంకన్నను పిలిపించి, "పాట ఎలా ఉందిరా?" అని అడిగారు.

"వినలేదు దొరా. నీళ్ళు పడ్డాక మేం ఆ గట్టెక్కకూడదుగా. బావి మళ్ళీ పూడనివ్వండి, వచ్చి వింటాం."

రాజుగారు చాలాసేపు ఆలోచించారు. కట్టుబాటు జోలికి పోకుండా పాటను వాడకు పంపారు.

మిట్టమధ్యాహ్నం శేషాద్రి వాడ మొదట్లో నిలబడి, "మా దాహం తీర్చిన దేవుళ్ళారా" అని రాగం తీశాడు. చచ్చిపోయినవాళ్ళ పేర్లు పాటలో లేవు. మూడో చరణానికల్లా అతని గొంతు ఎండిపోయింది. "కాసిని మంచినీళ్ళు!" అన్నాడు దగ్గుతూ.

సుంకన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మా చెలమ నీళ్ళు మీరు తాగరు. మీ బావి నీళ్ళు మమ్మల్ని ముట్టనివ్వరు. మా దాహానికి రాజుగారు పంపింది ఈ పాటే సామీ. మీరూ అదే పుచ్చుకోండి."