ఇరవై లెక్కపెట్టే మౌనం

నల్లచెలమ అడవిలో నాలుగు దిక్కులా నాలుగు గుట్టలు. ఆ గుట్టల మధ్య జింకలు, కుందేళ్లు, ఎలుగులు, లెక్కలేనన్ని పిట్టలు బతికేవి. ఒక గుట్టమీద ఆపద వస్తే ఇంకో గుట్టకు తెలిసేది కాదు. అందుకని అవన్నీ కలిసి ఒక కేకల సంఘం పెట్టుకున్నాయి.

పడమటి గుట్టకు చుక్కి అనే ఉడుత, ఉత్తరపు గుట్టకు గంగన్న అనే కణుజు దుప్పి, తూర్పు గుట్టకు పింఛయ్య అనే నెమలి కేక పెద్దలు. నడిమి బండమీద కూర్చుని ముగ్గురినీ నడిపేది సోమక్క అనే ముసలి కొండముచ్చు. ఎవరికీ జీతం లేదు. ఒక్క పండైనా ఎవరూ ఇచ్చేవారు కాదు.

రోజూ పొద్దు పొడవగానే సోమక్క గుట్టల పేర్లు పిలుస్తుంది. ఎవరి కబురు వాళ్లు చెబుతారు. చివర్లో సోమక్క ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెడుతుంది. అంతసేపూ ఎవరూ నోరు మెదపకూడదు. సన్నని గొంతు ఎక్కడైనా ఉంటే అప్పుడే వినిపిస్తుంది.

దక్షిణపు గుట్టకు కేక పెద్ద లేడు. అయినా సోమక్క రోజూ "దక్షిణమా!" అని పిలిచేది.

"గాలితో మాట్లాడుతున్నావా సోమక్కా?" అని పింఛయ్య నవ్వేవాడు.

"పిలవడం నా పని. పలకడం వాళ్ల పని," అనేది సోమక్క.

వానాకాలం వచ్చింది. పింఛయ్య గొంతు విచ్చుకుంది, దానితోపాటు గర్వమూ విచ్చుకుంది. తన వంతు అయ్యాక కూడా ఆగేవాడు కాదు. సోమక్క "పడమరా!" అనగానే చుక్కి నోరు తెరిచేలోపు, "పడమర క్షేమమే! ఉత్తరమూ క్షేమమే!" అని తానే అరిచేవాడు. మౌనం మధ్యలోనూ పాడేవాడు.

గంగన్నకు ఒళ్లు మండింది. "అందరి మాటా ఆయనే చెబుతుంటే ఇక మేమెందుకు? రేపటి నుంచి నేను రాను," అని కబురు పెట్టాడు.

సోమక్కకు దిగులు పట్టుకుంది. జీతగాడైతే గద్దించవచ్చు. ఇష్టంతో వచ్చినవాడు వెళ్లిపోతానంటే ఎలా ఆపడం? కాళ్లు నొప్పిగా ఉన్నా ఆ సాయంత్రమే ఉత్తరపు గుట్ట ఎక్కింది.

"గంగన్నా, నీ కేకను నమ్ముకుని నీ గుట్ట కింద ఎన్ని పిల్లలు మేస్తున్నాయో చూశావా? అవతలివాడు మాట తప్పాడని నువ్వూ తప్పితే, ఇద్దరికీ తేడా ఏముంది?"

గంగన్న గడ్డి నములుతూ కింద మేస్తున్న పిల్లల వైపు చూశాడు. "సరే అక్కా, వస్తాను. కానీ ఆయన్ని మెచ్చుకోమని మాత్రం అడక్కు," అన్నాడు.

"మెచ్చుకోవద్దు. విను, చాలు."

మర్నాడు పొద్దున సోమక్క "పడమరా!" అని పిలిచింది.

"పడమర క్షేమమే!" అన్నాడు పింఛయ్య. అతను పడమటి గుట్ట నుంచి దిగివచ్చే తూర్పు వాగులోని ఇసుక దిబ్బమీద పురి విప్పి ఆడుతున్నాడు. పక్కనే జింకపిల్లలు గంతులేస్తున్నాయి.

"పడమర మాట పడమర నోటే వినాలి," అంది సోమక్క, కోపంగా. వెంటనే లెక్క మొదలుపెట్టింది. పింఛయ్య కేకలు ఆపలేదు. నడిమి బండకు ఏమీ వినపడలేదు. కానీ పడమరకు దగ్గరగా ఉన్న గంగన్న చెవులు రిక్కించాడు. సన్నగా చుక్కి గొంతు అందింది.

గంగన్న ఆ మాటను ఉన్నదున్నట్టు గట్టిగా అరిచాడు: "పై వాగుకు మద్దిమాను అడ్డం పడింది! నీళ్లు నిండుతున్నాయి! ఆ అడ్డుకట్ట తెగబోతోంది! వాగులో ఎవరూ ఉండొద్దు!"

సోమక్క అదే మాట తూర్పుకు పలికింది. జింకపిల్లలు విన్నాయి, ఒక్క దూకులో గట్టెక్కాయి. పింఛయ్య మాత్రం వినలేదు. తన పాటే తన చెవుల్లో మోగుతోంది మరి!

నీళ్లు విరుచుకుపడ్డాయి. పింఛయ్య కొట్టుకుపోయి ఒక రేగుపొదలో చిక్కుకున్నాడు. ప్రాణం దక్కింది గానీ, పొడవాటి ఈకలు ఒక్కటీ మిగల్లేదు.

మర్నాడు తడిసిన కోడిలా వచ్చి తలవంచాడు. "సోమక్కా, వినని మాట విన్నానని చెప్పాను. తప్పు నాదే."

"తప్పే. ఈ వానాకాలమంతా మౌనం లెక్క నువ్వే పెట్టాలి. ఒక్క అంకె కూడా తప్పకూడదు," అంది సోమక్క.

పింఛయ్య సిగ్గుతో గబగబా లెక్కపెట్టాడు. దూరం నుంచి చుక్కి అరిచింది, "పింఛయ్య మామా, పదకొండు తర్వాత పన్నెండు కూడా ఉంటుంది!"

గుట్టలన్నీ ఘొల్లున నవ్వాయి. పింఛయ్యకూ నవ్వాగలేదు. ఈసారి మొదటి నుంచి నిదానంగా లెక్కపెట్టాడు. అడవి ఊపిరి బిగపట్టింది. పందొమ్మిది దగ్గర, ఎక్కడినుంచో దారమంత సన్నని గొంతు వినిపించింది.

"దక్షిణపు గుట్ట నుంచి పాలపిట్టను. రోజూ పలుకుతూనే ఉన్నాను. నా మాట వినిపిస్తోందా?"

సోమక్క కళ్లు తుడుచుకుంది. ముందుగా పలికింది మాత్రం పింఛయ్యే.

"వినిపిస్తోంది తల్లీ, బాగా వినిపిస్తోంది! చెప్పు!"

నీతి: గొంతు పెద్దదైనంత మాత్రాన ఎవరూ పెద్దలు కారు, సన్నని మాటకు చోటిచ్చి వినేవారే నలుగురినీ నడపగలరు.